మందా, థెరపీయా? కుంగుబాటు, ఆందోళన, మానసిక గాయాలకు చికిత్స ఎంచుకునే తీరు

మందులు మంచివా, థెరపీ మంచిదా అని అడిగినవారిని నేను తిరిగి ఒకటే అడుగుతాను: దేనికి? నెలల తరబడి మంచం దిగనివ్వని కుంగుబాటుకు, ఉన్నట్టుండి గుండె దడదడలాడే పానిక్‌కు, ప్రమాదం జరిగి ఏడాదైనా వదలని పీడకలలకు ఒకే జవాబు ఉండదు. కానీ మూడింటికీ కలిపి ‘టెన్షన్’ అని పేరు పెట్టుకుని వచ్చేవారే ఎక్కువ.

నేను క్లినికల్ సైకాలజిస్టును. మందులు రాయను, రాసే అర్హత నాకు లేదు. సైకియాట్రిస్టులతో కలిసి పనిచేస్తాను. కాబట్టి థెరపీ వైపు నాకు కొంత మొగ్గు ఉంటుందనుకునే చదవండి. ఆ మొగ్గు నా చేత తప్పుడు సలహాలు ఇప్పించకుండా నేను పట్టుకునే పద్ధతి ఒకటుంది. జబ్బు మొదలవడానికి కారణం ఏదైనా, ఈ రోజు దాన్ని నిలబెడుతున్నది ఏమిటో చూస్తాను. దాని మీద నేరుగా పనిచేసే చికిత్సను ఎంచుకోమంటాను. పని చేస్తోందో లేదో అంకెల్లో చూసుకోమంటాను. కింద రాసిందంతా ఈ మూడు పనుల వివరమే.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. చనిపోవాలన్న ఆలోచన ఎలా, ఎప్పుడు అనేదాకా వెళ్లినా, లేని గొంతులు వినిపిస్తున్నా, తిండీ నీళ్లూ మానేసినా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఏ చికిత్స అన్నది తర్వాతి మాట.

ముందు తేల్చుకోవలసినవి

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల్లో తొమ్మిది రకాల బాధలు ఎంత తరచుగా వచ్చాయో చూసుకుని ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేసుకోవాలి. మొత్తం 27. స్థూలంగా 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. ఆందోళనకు జీఏడీ-7 ఉంది. ఏడు ప్రశ్నలు, మొత్తం 21. అక్కడ కూడా 10 వచ్చిందంటే పట్టించుకోవాలి. మానసిక గాయం తాలూకు లక్షణాలకు పీసీఎల్-5 వాడతాం; ఇరవై ప్రశ్నలు, మొత్తం 80. 31–33 ప్రాంతానికి చేరితే మానసిక గాయం తర్వాత వదలకుండా వేధించే జబ్బైన పీటీఎస్‌డీ ఉందేమో వివరంగా చూడాలి. వీటిలో ఏదీ తనంతట తాను జబ్బును నిర్ధారించదు. జ్వరం ఎంతుందో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. అయినా తేదీ వేసి దాచుకోండి. రెండు నెలల తర్వాత ‘ఏమో, కొంచెం నయమే అనుకుంటా’ అనే మాట కంటే 18 కాస్తా 11 అయిందన్న లెక్కే అక్కరకొస్తుంది.

పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చావు గురించిన, తనకు తాను హాని చేసుకోవడం గురించిన ఆలోచనలను అడుగుతుంది. మొత్తం ఎంత తక్కువగా ఉన్నా, ఆ ఒక్క జవాబు సున్నా కాకపోతే ఆ సంగతి డాక్టరుకు ఆ రోజే తెలియాలి.

తర్వాత ఒంటి సంగతి. థైరాయిడ్ మందగిస్తే కుంగుబాటులా ఉంటుంది, అతిగా పనిచేస్తే ఆందోళనలా ఉంటుంది. రక్తహీనత, బి12 లోపం నీరసానికి తోడవుతాయి. మద్యం కూడా కుంగుబాటునూ ఆందోళననూ పెంచుతుంది. రాత్రి తాగింది నిద్ర పట్టించినట్టే పట్టించి తెల్లవారుజామున మెలకువతో పాటు బెంగనూ తెచ్చిపెడుతుంది. రక్త పరీక్ష ఒకసారి చేయించుకుంటే ఈ అనుమానాలు చాలావరకు తీరిపోతాయి.

మూడోది చాలామంది దాటేసేది. ఎప్పుడైనా వరసగా కొన్ని రోజులు రెండు మూడు గంటల నిద్రతోనే అలసట తెలియకుండా, మాటలకు అడ్డుకట్ట లేకుండా, పెద్ద పెద్ద పథకాలు వేస్తూ, విచ్చలవిడిగా ఖర్చు చేస్తూ గడిపారా? ఈ ప్రశ్నను ఇంట్లోవాళ్లను కూడా అడగండి, ఎందుకంటే ఆ రోజులు ఆ మనిషికి ‘బాగున్న రోజులు’గానే గుర్తుంటాయి. అవునని జవాబొస్తే అది అతి ఉత్సాహం, కుంగుబాటు మారి మారి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు. దానికి మామూలు కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే మనిషి ఉన్మాద దశలోకి వెళ్లే ప్రమాదం ఉంది. సైకియాట్రిస్టు అడగకపోయినా మీరే చెప్పాలి.

కుంగుబాటు

కుంగుబాటును నిలబెట్టేది చాలావరకు వెనక్కి తగ్గడమే. ఓపిక లేక మనిషి పనులు మానేస్తాడు. పనులు మానేసినకొద్దీ సంతోషం కలిగించేవీ, ‘ఇది నేను చేశాను’ అనిపించేవీ జీవితంలోంచి ఒక్కొక్కటే రాలిపోతాయి. దాంతో ఓపిక ఇంకా తగ్గుతుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి సరిగ్గా ఈ వలయాన్నే పట్టుకుంటుంది.

దీన్ని ఎలా చేస్తామంటే, ముందుగా ఒక కాగితం మీద వారాన్ని గంటల గళ్లుగా గీయిస్తాను. ఏ గంటలో ఏం చేశారో రాసి, దాని పక్కన ఎంత ఆనందం, ఎంత తృప్తి కలిగాయో 0 నుంచి 10 లోపు వేయాలి. మొదటి వారం ఏమీ మార్చమనను, ఉన్నది రాస్తే చాలు. మధ్యాహ్నమంతా పడుకుని ఫోన్ చూసిన మూడు గంటల పక్కన 1 ఉంటుంది. అయిష్టంగానే అక్కకు ఫోన్ చేసిన పది నిమిషాల పక్కన 4 ఉంటుంది. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన చూసినప్పుడు ఇక నేను బోధించడానికి పెద్దగా ఏమీ మిగలదు. రెండో వారం నుంచి 4 తెచ్చిన పనులను రోజుకు ఒకటి రెండు చొప్పున గళ్లలో ముందే రాసుకుంటారు. ‘మనసు బాగుంటే నడుస్తాను’ అని రాయకూడదు. ‘సాయంత్రం 6కు, పది నిమిషాలు, వీధి చివరి వరకు’ అని రాయాలి. మనసు బాగుపడేదాకా ఆగితే ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

చూడటానికి ఇది మరీ చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది. కానీ బ్రిటన్‌లో కోబ్రా అనే అధ్యయనం 440 మందితో దీన్ని ఆలోచనలనూ అలవాట్లనూ మార్చడం నేర్పే థెరపీ అయిన సీబీటీకి ఎదురుగా నిలబెట్టి చూసింది. 2016లో ఫలితాలు వచ్చాయి. తక్కువ కాలం శిక్షణ పొందిన సిబ్బంది ఈ పద్ధతిలో చేసిన చికిత్స, నిపుణులు చేసిన సీబీటీకి తీసిపోలేదు. అనుభవజ్ఞుడైన సీబీటీ నిపుణుడు దొరకలేదని చికిత్స వాయిదా వేసుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

సీబీటీ 1960లలో ఆరన్ బెక్ కుంగుబాటు కోసం రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ నుంచి ఎదిగింది. ‘నేను ఎందుకూ పనికిరాను’ వంటి ఆలోచనను నిజమని నమ్మేయకుండా, ఆధారాలు అడిగి పరీక్షించడం నేర్పుతుంది. ఆలోచనల సుడిలోంచి బయటపడలేనివారికి ఇది బాగా సరిపోతుంది. కుంగుబాటు ఒక మరణంతోనో, విడిపోవడంతోనో, ఉద్యోగ విరమణతోనో, ఇంట్లో తెగని గొడవతోనో ముడిపడి ఉంటే ఇంటర్‌పర్సనల్ థెరపీ నేరుగా ఆ బంధం మీదే పనిచేస్తుంది. సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు. ఈ మూడింటి ఫలితాల్లో పెద్ద తేడా లేదు, కాబట్టి మీకు అందుబాటులో ఉన్నదీ, మీరు మధ్యలో మానకుండా చేయగలిగినదీ ఎంచుకోండి.

మందుల విషయానికొస్తే, మొదట రాసేవి ఎక్కువగా మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు: ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి. వీటితో చిక్కేమిటంటే ఇబ్బందులు ముందొస్తాయి, మేలు తర్వాత వస్తుంది. వికారం, తలనొప్పి, నిద్రలో తేడా, కొందరిలో కంగారు మొదటి వారంలోనే కనిపిస్తాయి; చాలావరకు తగ్గిపోతాయి. మేలు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పనిచేసిందో లేదో తేల్చడానికి సరైన మోతాదులో ఆరు వారాలైనా పడుతుంది. పదో రోజున మానేసి ‘ఆ మందు నాకు పడలేదు’ అనడం తొందరపాటు. లైంగిక ఇబ్బందులు సాధారణమే అయినా డాక్టరు దగ్గర నోరు విప్పేవారు తక్కువ, చెప్పకుండా మందు మానేసేవారు ఎక్కువ. చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేయవచ్చు. 25 ఏళ్లలోపువారిలో మొదటి కొన్ని వారాలు, మోతాదు మార్చినప్పుడూ ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లు దగ్గరగా గమనించాలి.

మొదటి మందుతోనే పూర్తిగా తేరుకుంటారని ఆశపెట్టడం సరికాదు. అమెరికాలో సుమారు 4,000 మందితో చేసిన స్టార్‌డీ అధ్యయనం 2006లో చెప్పిన ప్రకారం, మొదటి మందుతో లక్షణాలన్నీ పోయినవారు మూడో వంతు మంది. ఆ లెక్కలను మళ్లీ తిరగేసినవారు అది కూడా ఎక్కువే అన్నారు. అంటే మొదటి మందు పనిచేయకపోవడం సర్వసాధారణం. మీలో లోపమేదో ఉందని దాని అర్థం కాదు.

నా సలహా ఇది. స్వల్పమైతే థెరపీ, వ్యాయామాలతో మొదలుపెట్టండి. మధ్యస్థమైతే మందూ థెరపీలలో ఏదైనా సరే, మీ ఇష్టానికీ విలువ ఉంది. తీవ్రమైతే రెండూ కలిపి. అప్పుడు థెరపీ ఒక్కటే చాలునని పట్టుబట్టే సైకాలజిస్టును నేను నమ్మను. తిండి మానేసి, భ్రమల్లో పడి, ప్రాణం మీదికి వచ్చిన కుంగుబాటుకు ఈసీటీ, అంటే మెదడుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి చేసే చికిత్స, ఇప్పటికీ అత్యంత బలమైన చికిత్సల్లో ఒకటి. సినిమాలు దానికి చేసిన అన్యాయం అంతా ఇంతా కాదు. మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి చేస్తారు. చికిత్స జరిగిన రోజుల చుట్టూ కొన్ని జ్ఞాపకాలు చెరిగిపోవచ్చు. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. మందులు పనిచేయని మరికొందరికి అయస్కాంత తరంగాలతో చేసే ఆర్‌టీఎంఎస్, వైద్య పర్యవేక్షణలో ఇచ్చే ఎస్‌కెటమిన్ ఉన్నాయి.

ఆందోళన

ఇక్కడ జబ్బును పోషించేది తప్పించుకోవడం. భయపెట్టే చోటికి వెళ్లకపోతే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే ‘వెళ్లకపోవడం వల్లే బతికిపోయాను’ అని మెదడుకు నేర్పుతుంది. తప్పించుకోవడం ఎప్పుడూ బయటికి కనిపించేలా ఉండదు. పానిక్ వచ్చే మనిషి బస్సు ఎక్కుతాడు, కానీ తలుపు పక్కనే కూర్చుంటాడు. జేబులో మాత్ర, చేతిలో నీళ్ల సీసా, ఫోన్‌లో అన్న నంబరు సిద్ధంగా ఉంటాయి. క్షేమంగా దిగితే ఆ ఘనతంతా నీళ్ల సీసాకే పోతుంది.

పానిక్‌లో అసలు భయం గుండెదడ గురించే: ‘ఇది గుండెపోటు’, ‘కళ్లు తిరిగి పడిపోతాను’. 1986లో డేవిడ్ క్లార్క్ దీన్ని స్పష్టంగా చెప్పాడు: ఒంట్లో కలిగే మామూలు మార్పును విపత్తుగా అర్థం చేసుకోవడమే పానిక్‌ను రాజేస్తుంది. అందుకే చికిత్సలో ఆ మార్పులను కావాలనే తెప్పిస్తాం. సన్నటి గొట్టంతో నిమిషం పాటు ఊపిరి తీసుకోవడం, తిరిగే కుర్చీలో నిమిషం గిరగిర తిరగడం, ఉన్నచోటే పరుగెత్తడం వంటివి. చేసే ముందు ‘ఏమవుతుందని భయం?’ అని రాయిస్తాను. చేశాక ‘ఏమైంది?’ అని రాయిస్తాను. ‘స్పృహ తప్పుతుంది, 80 శాతం నమ్మకం’ అని రాసినవారు ఐదోసారికి ‘ఊపిరి ఆడలేదు, చికాకు వేసింది, కూర్చునే ఉన్నాను’ అని రాస్తారు. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ, గర్భం ఉంటే డాక్టరు అనుమతి లేకుండా ఇవి చేయకూడదు. ఇంకోమాట: గుండెదడకు మొదటిసారి వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికే. ఈసీజీ బాగున్నాకే నా దగ్గరికి రావాలి.

నలుగురిలో ఉన్నప్పుడు కలిగే భయమైన సోషల్ యాంగ్జైటీలో దృష్టంతా తన మీదే ఉంటుంది: గొంతు వణుకుతోందా, మొహం ఎర్రబడిందా అని. ఆ చూపును ఎదుటివారి మీదికి మళ్లించి, జనంలో చిన్న చిన్న ప్రయోగాలు చేయిస్తాం. అన్నింటి గురించీ ఆగకుండా దిగులుపడే జీఏడీకి సీబీటీలో వేరే పాఠం ఉంటుంది: తేల్చగలిగిన చింతకు పరిష్కారం వెతకడం, తేల్చలేనిదాన్ని తేలకుండానే ఉండనివ్వడం. ఊపిరి వ్యాయామాలు, విశ్రాంతి పద్ధతులు కొంత ఉపశమనం ఇస్తాయి. భయం వచ్చిన ప్రతిసారీ వాటినే పట్టుకుంటే అవి కూడా నీళ్ల సీసాలైపోతాయి.

మందుల్లో ఇక్కడ కూడా ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు, వాటికి దగ్గరి రకమైన వెన్లాఫాక్సిన్ వంటి ఎస్‌ఎన్‌ఆర్‌ఐలే ముందు వరసలో ఉంటాయి. పానిక్ ఉన్నవారికి చాలా తక్కువ మోతాదుతో మొదలుపెడతారు, లేకపోతే మొదటి రోజుల కంగారునే పానిక్ అనుకుని మందు మానేస్తారు. జాగ్రత్త పడవలసింది అల్ప్రజోలమ్, క్లోనజెపామ్, లోరజెపామ్ వంటి బెంజోడయజెపిన్ల విషయంలో. అవి త్వరగా పనిచేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. వారాల తరబడి వాడితే శరీరం అలవాటు పడుతుంది. భయాన్ని ఎదుర్కొని నేర్చుకోవలసిన పాఠం మందు మత్తులో ఒంటపట్టదు. మద్యంతో కలిస్తే ప్రాణాపాయం. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఇది చదివి రేపే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించాలి.

థెరపీ చేయడానికి సిద్ధంగా ఉన్నవారికి ఆందోళనలో నేను మొదట థెరపీనే సూచిస్తాను. ఆగిపోయాక కూడా నేర్చుకున్నది మిగులుతుంది. మందు ఆపితే లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మానసిక గాయం

ఘోరం జరిగిన మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, ఆ దృశ్యమే కళ్ల ముందు మెదలడం జబ్బు కాదు. ఎక్కువమంది తమంతట తామే కోలుకుంటారు. అప్పుడు కావలసింది భద్రత, నిద్ర, తోడు, చేయవలసిన పనుల్లో సాయం. బాధితులను వెంటనే కూర్చోబెట్టి జరిగిందంతా వివరంగా చెప్పించే ఒక్క విడత ‘డీబ్రీఫింగ్’ పీటీఎస్‌డీని ఆపదని, కొందరికి కీడు కూడా చేయవచ్చని పరిశోధనలు తేల్చాయి. మంచి మనసుతోనే అయినా ‘చెప్పేస్తే బరువు దిగిపోతుంది’ అని ఒత్తిడి చేయకండి. చెప్పాలనుకుంటే వినండి.

నెల దాటినా లక్షణాలు జీవితాన్ని నడవనివ్వకపోతే అప్పుడు పీటీఎస్‌డీ అని ఆలోచిస్తాం. ఈ మూడు జబ్బుల్లో చికిత్సల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది ఇక్కడే. ఓదార్చి ధైర్యం చెప్పే కౌన్సెలింగ్‌కూ, గాయం మీదే నేరుగా పనిచేసే థెరపీకీ ఫలితాల్లో స్పష్టమైన వ్యత్యాసం ఉంది. అమెరికా మాజీ సైనికుల విభాగం, రక్షణ శాఖ కలిసి 2023లో వెలువరించిన మార్గదర్శకాలు మూడు థెరపీలను మందుల కంటే ముందు నిలబెట్టాయి.

మొదటిది ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. ఆ జ్ఞాపకాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడు జరుగుతున్నట్టుగా మళ్లీ మళ్లీ చెప్పాలి. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెట్టు మెట్టుగా వెళ్లాలి. సుమారు గంటన్నర చొప్పున 8 నుంచి 15 సెషన్లు. రెండోది పట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, సాధారణంగా 12 సెషన్లు. మూడోది ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రచురించిన ఈఎండీఆర్. థెరపిస్టు వేలి కదలికను కళ్లతో అనుసరిస్తూ జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకోవాలి. ఈఎండీఆర్ పనిచేస్తుంది, అందులో వివాదం లేదు. కంటి కదలికల వల్లే పనిచేస్తుందా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం వల్లా అన్నదాని మీదే వాదన. నా మనసు రెండోదాని వైపు మొగ్గుతుంది.

కాగ్నిటివ్ ప్రాసెసింగ్ నేను ఎక్కువగా చేసేది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గాయం తర్వాత మనిషి ఒక వాక్యం దగ్గర ఆగిపోతాడు. రోడ్డు ప్రమాదంలో స్నేహితుణ్ణి పోగొట్టుకున్న మనిషి కాగితం మీద ఇలా రాశాడనుకుందాం: ‘నేను ఆ రోజు ఆలస్యం చేయకపోయి ఉంటే వాడు బతికేవాడు.’ ‘నీ తప్పేం లేదు’ అని అందరూ ఆయనకు చెప్పే ఉంటారు, అది పనిచేయదు. నేను అలా అనను. ప్రశ్నలు వేస్తాను. బయల్దేరేటప్పుడు మీకు ఏం తెలుసు? ప్రమాదం గురించి ఎప్పుడు తెలిసింది? తర్వాత తెలిసినదాన్ని ముందే తెలిసినట్టు లెక్కలోకి తీసుకుంటున్నారా? ఎదురుగా వచ్చిన లారీ ఆ వాక్యంలో ఎక్కడుంది? కొన్ని సెషన్ల తర్వాత అదే కాగితం కింద ‘ఆలస్యం నాది. ప్రమాదం నాది కాదు. వాడు లేడన్నది నన్ను ఎప్పటికీ బాధిస్తుంది’ వంటి మాటలు వస్తాయి. అపరాధం తగ్గాక మామూలు దుఃఖం మొదలవుతుంది, దానికి ఏడవడానికి చోటివ్వాలి. ఈ పద్ధతిలో ఘటనను పూసగుచ్చినట్టు చెప్పకుండానే చికిత్స చేయవచ్చు కూడా. ‘మళ్లీ అదంతా చెప్పలేను’ అని వెనక్కి తగ్గేవారికి ఈ ఒక్క వివరం తెలిస్తే చాలు, చాలామంది ముందుకొస్తారు.

మందుల్లో సెర్ట్రలిన్, పరోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకు ఆధారాలు ఉన్నాయి. థెరపీ అందకపోయినా, వద్దనుకున్నా, కుంగుబాటు బలంగా తోడున్నా ఇవి ఉపయోగపడతాయి. బెంజోడయజెపిన్లు పీటీఎస్‌డీకి వద్దు. ఇక ఇంట్లో హింస ఇంకా జరుగుతూనే ఉంటే ముందు ఆ మనిషిని సురక్షితమైన చోటికి చేర్చడమే చికిత్స.

ఎవరిని, ఏమడగాలి

థెరపిస్టును మొదటిరోజే ఇవి అడగండి: నా సమస్యకు మీరు ఏ పద్ధతి వాడతారు? అందులో ఎక్కడ శిక్షణ పొందారు? ఎన్ని సెషన్లు పట్టవచ్చు? ఇంటి దగ్గర చేయవలసిన పని ఉంటుందా? బాగుపడుతున్నానో లేదో ఎలా చూస్తారు? ‘మనం మాట్లాడుకుంటూ పోదాం, అదే తెలుస్తుంది’ అన్నది జవాబు కాదు. సైకియాట్రిస్టును ఏ మందు, ఏ మోతాదు దాకా వెళ్తారు, ఎన్ని వారాలకు తేలుస్తాం, పని చేయకపోతే తర్వాతి మెట్టు ఏమిటి, ఎలా ఆపుతాం అని అడగండి. గర్భం ఉన్నా, ఆలోచనలో ఉన్నా, వేరే మందులు వాడుతున్నా అక్కడే చెప్పండి. అడిగినందుకు విసుక్కుంటే ఇంకొకరిని చూసుకోవచ్చు.

రెండు వారాలకోసారి ప్రశ్నావళి నింపండి. మొదటి అంకె సగానికి తగ్గితే చికిత్స పనిచేస్తున్నట్టు. పీహెచ్‌క్యూ-9 అయిదు కంటే కిందికి వస్తే తేరుకున్నట్టు. సరిగ్గా చేసిన థెరపీలో ఆరు నుంచి ఎనిమిది సెషన్లకూ, సరైన మోతాదులో మందుతో ఆరు వారాలకూ అంకె కదలకపోతే మార్చండి: మోతాదు పెంచడం, మందు మార్చడం, థెరపీ జోడించడం, లేదా అసలు నిర్ధారణనే మళ్లీ చూడటం. నేనైతే నిర్ధారణతోనే మొదలుపెడతాను. మొండి కుంగుబాటు అనుకున్నదాని వెనక ఎవరూ అడగని పాత గాయమో, మద్యమో, బైపోలారో బయటపడిన సందర్భాలు ఉన్నాయి. థెరపిస్టు మంచివారు కదా, మానేస్తే బాధపడతారేమో అని నెలల తరబడి వెళ్లేవారు కూడా ఉన్నారు. బాధపడం.

ఆపడానికీ ఒక పద్ధతి ఉంది. కుంగుబాటు మందును తేరుకున్నాక కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. పదేపదే వచ్చినవారికి రెండేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ. తర్వాత డాక్టరు చెప్పినట్టు వారాల మీద, కొన్నిసార్లు నెలల మీద తగ్గిస్తూ రావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. పరోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇది ఎక్కువ, ఒంట్లో ఎక్కువకాలం నిలిచే ఫ్లూయాక్సెటిన్‌తో తక్కువ. ఇవి రాగానే జబ్బు తిరగబెట్టిందని కంగారుపడకండి, డాక్టరుకు చెప్పండి. మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు కుంగుబాటు వచ్చి తగ్గినవారికి, ఈ క్షణం మీద దృష్టి నిలపడం నేర్పే ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ ఆధారిత కాగ్నిటివ్ థెరపీ మళ్లీ రాకుండా కాపాడటంలో సాయపడుతుంది.

థెరపీ చివరి సెషన్లలో నేను ఒక పేజీ రాయిస్తాను. ఈ మనిషికి జబ్బు తిరిగొచ్చేముందు ఏం జరుగుతుందో అందులో ఉంటుంది: ఫోన్లు ఎత్తకపోవడం, మూడింటికే మెలకువ రావడం, బస్సులో మళ్లీ తలుపు పక్క సీటు వెతుక్కోవడం. ఏది కనిపిస్తే ముందు ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో, ఏ అంకె దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలో దాని కింద రాస్తాం. ఆ పేజీ నకలు ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి, ఎందుకంటే ఆ గుర్తులు చాలాసార్లు ముందుగా కనిపించేది వాళ్లకే.